రెక్కలు తడుస్తాయని

శనివారం పొద్దున్నే దొమితిలా నల్ల శాలువా భుజాన వేసుకుని బయల్దేరేసరికి, ఎదురింటి గడప మీద చోలే చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చుని ఉంది. ఎనభై దాటినా చోలేకి ఊళ్లో ఎవరు ఎటు వెళుతున్నారో తెలియకపోతే కడుపు నిండదు.

"ఏమే దొమితిలా, చర్చికి అటు కదా దారి?"

"చర్చికి కాదు కొమాద్రే. రుతీలియో వ్యానెక్కుతున్నాను. టూరుకి."

చోలే చేతిలోని కాయ జారి ఒళ్లో పడింది. "టూరా! నలభై ఏళ్లనించి ఉంటున్న ఊరిని చూడ్డానికి బండి కావాలా నీకు? కిటికీ తెరిస్తే చాలదూ! పోనీ, టూరిస్టువి అయినదానివి టోపీ అయినా పెట్టుకోవే, ఎండకు నల్లబడతావు."

"ఇప్పుడు నన్నెవరు చూడొచ్చారులెండి," అని దొమితిలా నడక సాగించింది. చోలేకి అంతకంటే ఎక్కువ చెప్తే సాయంత్రానికి పాత్స్‌క్వారో ఊరంతా తెలిసిపోతుంది.

చౌకులో పెద్ద చెట్ల కింద తెల్ల వ్యాను ఆగి ఉంది. దాని మీద ఎవరిస్తో పేరు ఇంకా చెరపలేదు. "ఎవరిస్తోతో పాత చర్చిలు, పాత పనితనాలు. ఎనిమిది మందికి మించి ఎక్కించం." ఆ మాట రాయించిన మనిషి వేసవిలో పోయాడు. గుండె ఆగిపోయింది, అంతే. ముందు రోజు దాకా మైకు కూడా లేకుండా ఎనిమిది మందికి గొంతెత్తి చెప్పినవాడు, తెల్లారేసరికి లేడు.

ఆయన బతికుండగా దొమితిలా ఆ బండి ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసింది, టోపీ దులిపి ఇచ్చింది, వానొస్తే గొడుగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. బండి మాత్రం ఎక్కలేదు. "ఒకసారి రాకూడదా, మీ ఆయన మాట్లాడుతుంటే రాళ్లు కూడా వింటాయి" అని ఎవరైనా అంటే, "ఇంటికొచ్చాక నేనూ రాయినే, నాతో మాట్లాడమనండి" అనేది.

అసలు సంగతేమిటంటే ఆమెకు మొగుడి మీద కోపం. చచ్చిపోయినవాడి మీద కోపం పెట్టుకుని బతకడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. తిడదామంటే ఎదురుగా ఉండడు. మరిచిపోదామంటే మంచంలో సగం ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది.

వాళ్లకొక కూతురుండేది. లూసిలా. ఐదేళ్లు నిండిన వానాకాలంలోనే జ్వరం తగిలి పోయింది. మళ్లీ కాన్పు కాలేదు. పిల్లను పాతిపెట్టి వచ్చిన రోజు నుంచి ఎవరిస్తో నోటివెంట ఆ పేరు మళ్లీ రాలేదు. ఏటా నవంబరులో, పోయిన పిల్లలు ఇంటికొచ్చే రోజున, దొమితిలా ఒక్కతే పాలగ్లాసూ తీపి రొట్టే పెట్టి దీపం వెలిగించుకునేది. ఆయన టూరిస్టులను వెంటేసుకుని ఎక్కడో ఎవరి సమాధుల దగ్గరో కథలు చెప్తూ ఉండేవాడు. ఊరంతా మెచ్చుకునే ఆ నోరు ఇంటికొస్తే ఉప్పు అడగడానికీ, చొక్కా గుండీ ఊడిందని చెప్పడానికీ తప్ప తెరుచుకునేది కాదు. "ఈ మనిషి నా బిడ్డను మరిచిపోయాడు" అని దొమితిలా ఎప్పుడో తీర్పు చెప్పేసుకుంది. ఆ తీర్పును గుండెలో పెట్టుకునే ఆయనతో కాపురం చేసింది, వండి పెట్టింది, చివరికి శవానికి చొక్కా తొడిగింది.

అంతలో, ఆయన పోయాక ఇంట్లో పెట్టిన తొమ్మిది రోజుల జపాల్లో ఎవరో అన్నారు, ఎవరిస్తో ఎక్కడికీ పోలేదని, ఆయన మాటలన్నీ రుతీలియో నోట్లో భద్రంగా ఉన్నాయని. ఉరువాపన్ నుంచి వ్యాను నడపడానికి వచ్చిన ఆ రుతీలియో పదేళ్లు వింటూ వింటూ గురువు మాటలన్నీ కంఠతా పట్టాడట. పొల్లు పోకుండా అప్పజెప్తాడట. అది విన్న దగ్గరనించి దొమితిలాకు ఒకటే ఆలోచన. లోకమందరికీ అన్ని మాటలు పంచిపెట్టినవాడు, ఎక్కడైనా, ఏ గోడ దగ్గరైనా, కన్నబిడ్డ కోసం ఒక్క మాట ఖర్చుపెట్టాడా లేదా? అది తెలియాలి. లేదని తేలిపోతే ఈ నవంబరులో ఆయనకు దీపం పెట్టడానికి తనకు చేతులు రావు. అంత కటువుగా అనుకోవడం తప్పేనని ఆమెకు తెలుసు. తెలిసినా అనుకుంది.

రుతీలియో ఆమెను చూసి కంగారుపడిపోయాడు. మనిషి లావు, ముప్పై అయిదేళ్లవాడు, నవ్వితే బుగ్గలు కళ్లను మింగేస్తాయి.

"దోన్యా దొమితిలా! మీరా అమ్మగారూ! కబురంపితే ఇంటికే బండి తెచ్చేవాణ్ణి కదా."

"నడవలేననుకున్నావా? ఎక్కడ కూర్చోమంటావు?"

"ముందు సీటు మీకే. గురువుగారి బండిలో మిమ్మల్ని వెనక కూర్చోబెడితే ఆయన రాత్రికి కలలోకొచ్చి నన్ను చెవిపట్టి లాగుతారు."

వ్యానులో ఉన్నది ఆరుగురే. చిలీ నుంచి వచ్చిన ముసలి దంపతులు, రాజధానినుంచి వచ్చిన ముగ్గురు స్నేహితురాళ్లు, మోంతెర్రే నించి ఒక రిటైరైన టీచరమ్మ. ఆ టీచరమ్మ పేరు గ్రసియేలా. ఈ టూరుకి రెండోసారి వస్తున్నానని ఎక్కగానే అందరికీ చెప్పుకుంది. ఎవరిస్తో పోయాడని తెలిసి, దొమితిలా చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

దారంతా రుతీలియో మాట్లాడుతూనే ఉన్నాడు. మొదటి రెండు మాటలకే దొమితిలా ఒళ్లు ఝల్లుమంది. మాట ఆ కుర్రవాడిదే, విరుపు మాత్రం ఎవరిస్తోది. హాస్యం రాబోయే ముందు గొంతు సవరించుకోవడం, ముఖ్యమైన మాట దగ్గర టోపీ ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టుకోవడం, అన్నీ దించేశాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. చూడకుండా వింటే ఆయనే పక్కన కూర్చున్నట్టుంది.

సరస్సు అవతల చిన్న పల్లెలో, పైకప్పు చెక్కల నిండా బొమ్మలు గీసిన చర్చి చూపించాడు. "ఈ సైతానుకి ఇంత కోరమీసం ఎందుకుందో తెలుసా? బొమ్మ గీసినవాడికి అప్పటి ఊరిపెద్ద కూలి ఎగ్గొట్టాడు" అన్నాడు. అందరూ నవ్వారు. దొమితిలా కూడా నవ్వింది, నవ్వాక ఉడుక్కుంది. ఇంత సరదా మనిషితో ఇన్నాళ్లు కాపురం చేసి, ఆ సరదా ఏమిటో ఇవాళ బయటివాళ్ల మధ్య కూర్చుని చూడాల్సి వచ్చింది. మొక్కజొన్న బెండుతో చేసిన క్రీస్తు విగ్రహం ముందు, "మనవాళ్లు దేవుణ్ణి తేలిగ్గా చేశారమ్మా, కష్టమొస్తే ఎత్తుకుని పరిగెత్తడానికి" అని చెప్పినప్పుడు గ్రసియేలా కళ్లు చెమర్చాయి. దొమితిలా మాత్రం తనక్కావాల్సిన మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంది. రాగి పనివాళ్ల కొలిమి దగ్గరా రాలేదు. సరస్సు గట్టు మీదా రాలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆమెకు ఆశ సన్నగిల్లింది. వింటున్న కొద్దీ కోపం ముదురుతోంది.

చివరిది ఊళ్లోనే ఉన్న పాత సన్యాసినుల మఠం. ఇప్పుడందులో నాలుగు గదుల మ్యూజియం ఉంది. లోపలి గదిలో ఒకే ఒక పెద్ద పటం. నాలుగేళ్ల పిల్ల, తలమీద కాగితప్పూల కిరీటం, ఒంటిమీద నీలం పట్టు గౌను, చేతిలో తాటాకు. కళ్లు తెరిచే ఉన్నాయి, బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి. కానీ ఆ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా చూడగానే తెలుస్తుంది, ఆ పిల్ల బతికి లేదని.

"మా దగ్గర చిన్నపిల్ల పోతే చావు అనరు," అని రుతీలియో గొంతు తగ్గించాడు. "దేవదూత పుట్టింది అంటారు. బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకున్న జ్ఞానతల్లి కిరీటం తెస్తుంది, గౌను తొడుగుతుంది. బాజాలు పెడతారు, తారాజువ్వలు వదులుతారు. కన్నతల్లి ఏడవకూడదు. ఏడిస్తే ఆ కన్నీళ్లకు బిడ్డ రెక్కలు తడిసిపోతాయి. తడిస్తే ఎగరలేదు. స్వర్గానికీ భూమికీ మధ్య ఎక్కడో పడిపోతుంది."

దొమితిలా గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

ఆ కిరీటం ఆమెకు తెలుసు. లూసిలా తలమీద అలాంటిదే పెట్టింది చోలే, జ్ఞానతల్లి కదా; దొమితిలా ఆమెను కొమాద్రే అని పిలిచేదీ ఆ వరసతోనే. దొమితిలా చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని వేరే ఊరినించి వచ్చింది. ఎవరిస్తో చర్చి ఫాదరు నీడలో పెరిగిన అనాథ. ఇద్దరికీ ఏది ఎలా చెయ్యాలో చెప్పే పెద్దదిక్కు చోలే ఒక్కతే. "ఏడవకు దొమితిలా, ఎవరిస్తో, నువ్వూ అంతే. దాని రెక్కలు తడుస్తాయి" అని చెరొక భుజం పట్టుకుని చెప్పింది. ఇద్దరూ ఏడవలేదు. బాజాల వెనక పొడికళ్లతో నడిచారు. ఆ తర్వాత దొమితిలాకు దుఃఖం పొర్లుకొచ్చినప్పుడల్లా బట్టలుతికే రాతి దగ్గరికి పోయి, కుళాయి తిప్పి, పెదవి కొరుక్కుని నిలబడేది. బయటికి ఒక్క చుక్క రానిచ్చేది కాదు. ఆ పిల్ల పేరు పలికితే ఆపుకోలేనని పలకడం కూడా మానేసింది. ఇన్నేళ్లూ తన బిడ్డను తానే పైకెత్తి పట్టుకున్నట్టు బతికింది. ఆయన పొడికళ్లు మాత్రం ఆమెకు మరపులా కనిపించాయి.

రాజధాని స్నేహితురాళ్లలో ఒకామె ముక్కు చీదుకుంది. రుతీలియో టోపీ ఎత్తాడు, గొంతు సవరించుకున్నాడు, దొమితిలాను చూసి మళ్లీ టోపీ పెట్టేసుకున్నాడు.

"పదండి, తర్వాతి గదిలోకి."

"అదేమిటి?" అంది గ్రసియేలా. "ఇక్కడే కదా ఎవరిస్తోగారు వాళ్లమ్మాయి సంగతి చెప్పేవారు? నాకింకా గుర్తే."

దొమితిలా గోడమీంచి చెయ్యి తీసి ఆమెవైపు తిరిగింది. "ఎవరి సంగతి?"

రుతీలియో బుగ్గలు ఎర్రబడ్డాయి. "వద్దులెండి దోన్యా. మీ ముందు ఎందుకు..."

"చెప్పు," అంది దొమితిలా. "ఆయనెలా చెప్పేవాడో అలాగే చెప్పు. ఒక్క మాట తగ్గించావంటే ఊరుకోను."

రుతీలియో ఊపిరి పీల్చుకుని, ఎవరిస్తో గొంతు అందుకున్నాడు.

"అమ్మలారా, కళ్లు తుడుచుకోండి. ఈ పాపకు ఆ లోకంలో ఇప్పుడు మీకంటే ఎక్కువ మంది స్నేహితులు. నాక్కూడా ఒక కూతురుంది, లూసిలా. దాని సంగతి వింటే మీ ఏడుపు ఎగిరిపోతుంది. కొరుందా, అదే మన మొక్కజొన్న కుడుము, చేతికిస్తే అయిదు కొసలూ కొరికేసి నడుం నాకు పారేస్తుంది. చిన్నప్పటినించీ అంతే. ఇంత గాడిదైనా మారలేదు. కప్పను చూస్తే కుర్చీ ఎక్కుతుంది. పాట ఎత్తుకుంటే వీధికుక్కలు లేచి వంత పాడతాయి. పదహారేళ్లప్పుడు అడక్కుండా జుట్టు కత్తిరించుకొచ్చింది. వాళ్లమ్మకీ దానికీ రెండు వారాలు మాటల్లేవు. మధ్యలో నేను, ఇటు ఉప్పందించు, అటు ఉప్పందించు. ఇప్పుడు మొరేలియాలో ఉంది. విరిగిపోయిన పాత విగ్రహాలకు చేతులూ వేళ్లూ అతికించే పని నేర్చుకుంది. నేను పోయేలోపు ఆ మొక్కజొన్న క్రీస్తు కాలి బొటనవేలు బాగుచెయ్యవే అంటే, నీ దగ్గర నా కూలికి సరిపడా డబ్బుల్లేవు నాన్నా అంటుంది..."

చిలీ ముసలాయన పకపకా నవ్వాడు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. నవ్వనిది దొమితిలా ఒక్కతే.

కొరుందా కొసలు కొరికేది నిజం. కప్పకు భయపడి కుర్చీ ఎక్కేదీ నిజం, ఆ కుర్చీ ఇప్పటికీ వంటింట్లో ఉంది. ఆ తర్వాతిదంతా ఆయన ఊహలో పెంచింది. బడికి పంపాడు, జుట్టు కత్తిరించాడు, తల్లితో పోట్లాట పెట్టాడు. తనూ అలాగే చేసింది దొంగచాటుగా. దుకాణం అద్దాల్లో తెల్లగౌను కనిపిస్తే ఈ ఏడు దానికి సరిపోయేది అనుకుంది, ఎవరి పెళ్లి ఊరేగింపు చూసినా లోలోపల లెక్క వేసుకుంది. ఒక ఇంట్లో ఒక బిడ్డను ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు పెంచారు. ఆమెకు ముందు ఒళ్లు మండింది, ఇంత అబద్ధమా అని. ఆ మంట పూర్తిగా రాజుకోకముందే చల్లారిపోయింది.

"ఈవిడే లూసిలా వాళ్లమ్మ," అన్నాడు రుతీలియో అందరితో, ఇక దాచి లాభం లేదని.

గ్రసియేలా గబగబా ముందుకొచ్చింది. "ఒక్క మాట అడగనా దోన్యా? నేనప్పుడు వచ్చినప్పుడు మీ అమ్మాయి కాలేజీ ప్రవేశపరీక్ష రాయబోతోంది. తెగ భయపడుతోందని చెప్పి ఎవరిస్తోగారు మమ్మల్నందర్నీ కొండమీది పెద్ద చర్చికి తీసుకెళ్లారు, తలో కొవ్వొత్తి వెలిగించమన్నారు. నాకు పిల్లల్లేరు. మీ అమ్మాయి కోసం ఉన్నవాటిలో పెద్దది కొని వెలిగించాను. ఫలితం తెలియకుండానే మా ఊరు వెళ్లిపోయాను. ఇన్నేళ్లుగా అడగాలని ఉంది. పాసైందా?"

అందరూ ఆమెకేసి చూశారు. పటంలోని పిల్ల కూడా చూస్తూనే ఉంది. అలాంటి పిల్ల లేదమ్మా, ఐదేళ్లకే పోయింది అనడానికి దొమితిలా నోరు తెరిచింది. ఈ లోకంలో ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి తన బిడ్డ కోసం మోకరిల్లి దీపం వెలిగించింది. ఇన్నేళ్లుగా దాని యోగక్షేమం అడగాలనుకుంటోంది. దొమితిలాను అంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు.

"పాసైంది," అంది.

"మొదటిసారికేనా?"

"రెండోసారికి. లెక్కల్లో మొద్దు. వాళ్ల నాన్న పోలిక."

అందరూ నవ్వారు. గ్రసియేలా ఆమెను కౌగలించుకుంది. "నాకు తెలుసు, నాకు తెలుసు పాసవుతుందని," అంటూ వీపు నిమిరింది. దొమితిలా ఆ కౌగిలిలో కర్రలా నిలబడిపోయింది, ఏ కాస్త కదిలినా కూలిపోతానని.

టూరు అయిపోయింది. చౌకు వరండాల్లో అందరూ ఐస్‌క్రీములు కొనుక్కుంటుంటే దొమితిలా రుతీలియోని పక్కకు పిలిచింది.

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లూసిలా సంగతి నా దగ్గర ఎత్తలేదేం నువ్వు?"

"గురువుగారు ఒట్టు పెట్టించుకున్నారు దోన్యా. మా ఆవిడ ముందు దాని పేరెత్తకురా, తను ఏడిస్తే పిల్లకు కష్టం అన్నారు. తల్లీకూతుళ్లకు ఏదో పెద్ద గొడవ అయిందనుకున్నాను." టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నిజం చెప్పనా? అంత్యక్రియలకు రాలేదని ఆ అమ్మాయి మీద నాకు చాలా కోపం వచ్చింది. ఎంత గొడవైనా కన్నతండ్రి కదా."

"రాలేకపోయింది," అంది దొమితిలా. "దూరం కదూ."

ఏడిస్తే పిల్లకు కష్టం. అంటే ఆ మనిషి ఇన్నేళ్లూ నోరు కుట్టుకున్నది మరిచిపోయి కాదు. ఆమె కళ్లు తడవకుండా కాపలా కాశాడు. బతికున్న కూతురిగా చెప్పుకుంటే కన్నీళ్లు రావు కనుక, ఆ చెప్పుకునేదేదో దారినపోయేవాళ్లకు చెప్పుకున్నాడు. ఇంట్లో తను కుళాయి తిప్పుకుని నిలబడితే, ఆయన గోడకవతల చొక్కా గుండీ గురించి అడిగాడు.

ఇంటి వీధిలోకి వచ్చేసరికి చోలే ఇంకా గడప మీదే ఉంది, చిక్కుళ్ల తట్ట ఖాళీ అయినా.

"వచ్చావా టూరిస్టమ్మా! ఏం చూశావేం? ఆ వాగుడుకాయ కొత్తగా ఏం చెప్పాడు?"

దొమితిలా నిలబడే అడిగింది. "కొమాద్రే, లూసిలా పోయినప్పుడు మీరు మమ్మల్ని ఏడవొద్దన్నారు. గుర్తుందా?"

చోలే ముఖంలో ఎగతాళి పోయింది. "గుర్తులేకేం. ఆ కిరీటం ఈ చేతులతోనే కదే చుట్టింది."

"ఎప్పటిదాకా ఏడవకూడదు?"

"అదేం ప్రశ్నే?"

"చెప్పండి. ఎప్పటిదాకా?"

"పాతిపెట్టేదాకా," అంది చోలే అయోమయంగా. "పెట్టె దించి మట్టి వేసేదాకానే తల్లీ. ఆపైన ఎంతైనా ఏడవొచ్చు, ఎగిరిపోయింది కదా అప్పటికి. ఆ ఒక్క పూటకే. ఆ సాయంత్రం నేను మీ ఇంటికి వచ్చాను కూడా, నీ పక్కన కూర్చుని నాలుగు కన్నీళ్లు కారుద్దామని. కిటికీలోంచి చూస్తే మీరిద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని సూపు తాగుతున్నారు. కళ్లు పొడిగా ఉన్నాయి. ఎంత గట్టి మనుషులో, కదపడం ఎందుకులే అనుకుని వెనక్కి వెళ్లిపోయాను."

దొమితిలా చోలే కాళ్ల దగ్గర నేలమీద కూలబడింది.

"ఆయనకెవరూ చెప్పలేదు కొమాద్రే," అంది. "ఒక్క పూటకేనని ఆయనకెవరూ చెప్పలేదు."